తుప్పు మేకు

కూతురు పెంచుకున్న వైద్యురాలిని మరిది నవ్వుతూ చంపేశాడని ఆమె వారమంతా పళ్ళు నూరుతూనే ఉంది.

ఆదివారం మధ్యాహ్నాలు వాళ్ళింట్లో భోజనాల బల్ల మీద పాత్రలాట సాగుతుంది. ఒకరు కథ నడుపుతారు. మిగిలినవాళ్ళు తలా ఒక పాత్రై ఏం చేస్తారో చెబుతారు. ఫలితం ఇరవై ముఖాల పాచిక తేలుస్తుంది; అంకె పెద్దదైతే గెలుపు, చిన్నదైతే దెబ్బ. రెండేళ్ళుగా మరిది నడిపింది మాట్లాడే నక్కలూ, దయగల బావులూ ఉన్న కథ. అందులో దెబ్బ తగిలినా పాట పాడితే మానిపోయేది. పోయిన వారం అతనికి విసుగేసింది. "ఇకనుంచి చీకటి కథ. ఈ లోకంలో చచ్చినవాళ్ళు లేవరు" అని, ఒక్క పాచికతో పిల్ల ఆడే వైద్యురాలి పాత్రను కాల్చి బూడిద చేశాడు. పిల్ల కళ్ళనీళ్ళు పెట్టుకుంటే, "ఆటే కదే, పిచ్చిమొహమా!" అన్నాడు.

వంటగదిలోంచి ఆమె అంతా విన్నది. పిల్ల అన్నం మానేస్తుందేమో, చదువు పాడవుతుందేమో, జ్వరం వస్తుందేమోనని నిద్రపోలేదు.

ఈ వారం మరిదికి వీరుడై ఆడాలని సరదా పుట్టింది. కథ ఎవరు నడుపుతారన్నాడు.

"నేను నడుపుతా" అంది ఆమె, చేతులు తుడుచుకుంటూ.

"నువ్వా వదినా! గ్యాసు కట్టేశావో లేదో నాలుగుసార్లు చూసుకునేదానివి, రాక్షసుల్ని ఏం తెస్తావ్?" అన్నాడు మరిది. ఆటకొచ్చిన పక్కింటి బస్సు డ్రైవరు పకపకా నవ్వాడు.

"రాక్షసులెందుకయ్యా? లోకం నీదే, చీకటిదే. నీ వీరుడు పాడుబడ్డ కోటలోకి దిగుతున్నాడు. కాళ్ళకేమున్నాయి?"

"వీరుడికి చెప్పులేంటి వదినా!"

"సరే. తుప్పు మేకు దిగింది. పాచిక వెయ్యి."

మూడు పడింది. మామూలు వీరగాథలో అయితే రాత్రి పడుకుంటే గాయం మాయమయ్యేది. ఇక్కడ మాయం కాలేదు. కాలు వాచింది, దవడ బిగిసింది. తన భయాలన్నీ ఆమె ఒక్కొక్కటిగా బల్ల మీద పెట్టింది. ఏ దెబ్బ చీము పడుతుందో, ఏ నీళ్ళు తాగకూడదో ఆమె ఊహకు అందనిది లేదు. రాక్షసుడు ఒక్కడూ రాలేదు. డ్రైవరు నవ్వడం మానేశాడు.

"వైద్యుణ్ణి పిలుస్తా!" మరిది నుదురు తుడుచుకున్నాడు.

"ఈ లోకంలో వైద్యురాలు ఉన్నది ఒక్కతే. ఆవిణ్ణి కాల్చిందెవరు మరిదీ?"

మరిది రెండు చేతులూ జోడించాడు.

"అయితే ఆ వైద్యురాలిని బతికించెయ్ వదినా! నేనే ఒప్పుకుంటున్నాగా."

"నన్నెందుకడుగుతావ్? పాత్ర ఎవరిదో వాళ్ళనడుగు."

మరిది పిల్ల వైపు తిరిగాడు. "అమ్మలూ, లేచి రామ్మా. నా తల్లివి కదూ."

పిల్ల వారమంతా కోరుకున్నది అదే. ఇప్పుడు పాచికను వేళ్ళ మధ్య తిప్పి, బాబాయ్ ముందు పెట్టింది.

"చీకటి కథ కదా బాబాయ్. ఆవిడ లేవదు."

ఆ గొంతు అచ్చం తల్లి గొంతే. ఆమెకు వెన్నులో చలి పుట్టింది. కానీ కడుపు చల్లబడింది.

"ఆఖరి పాచిక వెయ్యి" అంది మరిదితో.

రెండు పడింది. వీరుడు పోయాడు. మరిది కుర్చీ వెనక్కి నెట్టి, ఉత్త కాళ్ళతో గుమ్మం దాటాడు. ఆమె పరుగున వీధిలోకి వచ్చింది.

"ఇదిగో మరిదీ! చెప్పులేసుకుని వెళ్ళు. రోడ్డంతా మేకులే!"