వెనక సీటు

కయాక్ పడవ ముందు సీటులో కూర్చోవాలని అక్కా చెల్లెలూ ఒకేసారి వంగారు. తలలు ఠప్పుమన్నాయి.

“అది నా సీటే,” అంది అక్క నుదురు రుద్దుకుంటూ.

“ఎప్పటినుంచట?”

“నీకు పాలపళ్ళు ఊడుతున్నప్పటినుంచి.”

అక్క పళ్ళ డాక్టరు. కాలాన్ని కూడా పళ్ళతోనే కొలుస్తుంది. ఆవిడ ఎదుట కూర్చున్నవాళ్ళందరూ నోరు తెరుచుకుని ఉంటారే తప్ప ఒక్కరూ మాట్లాడలేరు కాబట్టి, లోకంలో ఎదురు చెప్పేవాళ్ళు కూడా ఉంటారన్న సంగతి ఎప్పుడో మరిచిపోయింది. గృహిణి అయిన చెల్లెలికి ఆ సదుపాయం లేదు. ఆమె ఇంట్లో అందరూ నోరు తెరిచేది ఎదురు చెప్పడానికే.

ఈ తగువుకి మూలం నాన్న. ఆయన దర్జీ. పడవల క్లబ్బుకి కవర్లూ గుడారాలూ కుట్టిపెట్టినందుకు వాళ్ళొక పాత రెండు సీట్ల కయాక్ ఇచ్చారు. కూతుళ్ళేమో ఇద్దరు, మిగిలిన సీటేమో ఒకటి. అందుకని ఒక శనివారం పెద్దదాని వంతు, మరో శనివారం చిన్నదాని వంతు. తీరానికి ఎదురుగా ఉన్న దీవుల్లో ఏదో ఒకదాని ఒడ్డున గుడారం వేసి, రాత్రి అక్కడే పడుకుని, ఆదివారం ఇల్లు చేరేవారు. ఎవరు వెళ్ళినా కూతురు ముందు, నాన్న వెనక. చుక్కాని తిప్పే పెడళ్ళు వెనక సీటుకే ఉన్నాయి. కాబట్టి బాల్యమంతా కయాక్‌లో తిరిగిన ఈ ఇద్దరు నిపుణుల్లో దాన్ని మలుపు తిప్పడం ఒక్కరికీ రాదు. వెనక ఏం జరుగుతోందో తల తిప్పి చూసిన పాపాన పోలేదు ఇద్దరూ.

నాన్న పోయి ఏడాది దాటింది. అప్పటినుంచీ కయాక్ చెల్లెలింటి షెడ్డులో, ఆమె భర్త కారు ఎండలో. ఆయన పల్లెత్తు మాట అనలేదు. రోజూ పొద్దున్నే కారు మీద పిట్టల రెట్టలు తుడుస్తూ, వంటింట్లోకి వినబడేలా నిట్టూర్చేవాడంతే. చివరికి అక్క తీర్పు చెప్పింది.

“ఇద్దరం దీవికెళ్ళి, ఒక రాత్రి ఉండి, ఎవరి సాయం లేకుండా తిరిగొస్తే ఉంచుకుందాం. లేదంటే సోమవారం క్లబ్బుకి ఇచ్చేద్దాం. పడవన్నది నడిపేవాళ్ళ దగ్గర ఉండాలి గానీ, చూసి ఏడ్చేవాళ్ళ దగ్గర కాదు.”

చూసి ఏడ్చేదెవరో వేరే చెప్పనక్కరలేదు. ఊడుస్తానని షెడ్డులోకి వెళ్ళిన చెల్లెలు ఒక పట్టాన బయటికి వచ్చేది కాదు. ఊడ్చిన జాడా ఉండేది కాదు.

ఇప్పుడు సీటు కోసం పంతానికి పోతే అసలుకే మోసం. ఇంట్లో అందరూ తిన్నాక తినే మనిషికి వెనక కూర్చోవడం ఒక లెక్కా అనుకుని, చెల్లెలే వెనక్కి వెళ్ళింది. ఒడ్డున చెయ్యి ఊపుతున్న భర్త ఆ చెయ్యి దించకముందే కయాక్ గుండ్రంగా తిరిగి మళ్ళీ ఆయన ముందుకొచ్చి నిలబడింది.

“అప్పుడే వచ్చేశారా?” అన్నాడాయన. మొహంలో ఆశ దాగలేదు.

“పెడళ్ళు అలా తొక్కేస్తున్నావేమే, కుట్టుమిషను అనుకుంటున్నావా!” అని అక్క అరిచింది.

ఎడమా కుడీ కాళ్ళకి అలవాటయ్యాక కయాక్ దారిలో పడింది.

“ఎక్కడ దిగుదాం?” అంది అక్క. “నాకో చోటు తెలుసు. రెండు పెద్ద రాళ్ళ మధ్య చిన్న ఇసుక ఒడ్డు. నాన్న నాకొక్కదానికే చూపించాడు.”

“పక్కన వంగిపోయిన చెట్టుంటుంది. అదేనా?”

తెడ్డు ఆగింది. “నీకెలా తెలుసు? నీకు చెప్పొద్దని నా చేత ఒట్టు వేయించుకున్నాడు!”

“నా చేతా వేయించుకున్నాడు.”

ఒకే తానులోంచి ఇద్దరికీ గౌన్లు కుట్టి, ఎవరిది వాళ్ళకే ప్రత్యేకమని నమ్మించడం నాన్నకి అలవాటే.

“ఎన్ని చెప్పు, తెడ్డు వెయ్యడంలో మాత్రం ఉత్త బద్ధకస్తుడు,” అంది అక్క, ఓడిపోయినట్టు ఉండకూడదని. “మధ్యమధ్యలో ఆపేసేవాడు. ‘నాకు చేతులు లాగుతున్నాయమ్మా, కాస్త ఆగుదామా?’ అని.”

“నాతోనూ అంతే. ముసలాడివైపోయావని వెక్కిరించేదాన్ని.”

“నేనైతే ఆపమని ఒక్కసారి కూడా అడగలేదు.”

“నేనూ అడగలేదమ్మా.”

ఒడ్డు దూరమైంది. దీవికీ తీరానికీ మధ్య గాలి పెరిగింది. చెల్లెలికి ఎదురుగా సముద్రం కంటే ఎక్కువగా అక్క వీపే కనబడుతోంది. అక్కని వెనకనుంచి ఇంతసేపు చూడటం ఇదే మొదటిసారి. రంగు అందని వెంట్రుకలు మెడ మీద తెల్లగా ఉన్నాయి. కాసేపటికి ఎడమ భుజం, హ్యాంగరుకి సరిగా తగిలించని చొక్కాలా ఒక పక్కకి జారడం మొదలుపెట్టింది. తెడ్డు వేసిన ప్రతిసారీ ఇంకాస్త జారుతోంది. అక్క మాత్రం ఆపలేదు. జోరు పెంచింది.

అలిసిపోయావా అని అడిగితే ఆవిడ చస్తే ఒప్పుకోదు. ఒప్పుకుందా, పడవ వెనక్కి తిప్పమంటుంది. సోమవారం క్లబ్బు వ్యాను వస్తుంది. చెల్లెలు ఏమనాలో తోచక నోరు తెరిచింది.

“అక్కా, నాకు చేతులు లాగుతున్నాయి. కాస్త ఆగుదామా?”

ఆ మాట తన చెవిన పడ్డాక గానీ అది ఎవరి మాటో ఆమెకి తెలియలేదు.

“అప్పుడేనా? అచ్చం నాన్న పోలికే, బద్ధకం!” అంది అక్క. మాట పూర్తికాకముందే తెడ్డు ఒళ్ళో పెట్టేసుకుంది. భుజాలు పెద్దగా లేచి పడుతున్నాయి.

చెల్లెలి చేతులు నిక్షేపంగా ఉన్నాయి, కాస్త కూడా లాగడం లేదు. ఆమె మొహం తుడుచుకుంది. సముద్రం మీద ఒక సుఖం ఉంది, ఏ ఉప్పునీళ్ళు ఎక్కడివని ఎవరూ అడగరు.

రెండు రాళ్ళ మధ్య ఇసుక అలాగే ఉంది. ఎండిన నాచు గీతకి పైన, పోటు నీళ్ళు అందని చోట, నాన్న కుట్టిన గుడారం వేశారు. బ్రెడ్డూ, ఉడకబెట్టిన గుడ్లూ తిని, ఫ్లాస్కులో టీ పంచుకున్నారు. వెనక సీటు సంగతి చెప్పాలని చెల్లెలికి నాలుక చివరిదాకా వచ్చింది. చెబితే అక్క నమ్మదు. నమ్మితే ఏడుస్తుంది. ఏడిస్తే అదీ నీవల్లేనంటుంది. ఎందుకొచ్చిన గొడవని పడుకుంది.

తెల్లారాక అక్క వెనక సీటు మీద చెయ్యి వేసింది. “ఇవాళ నేను నడుపుతా. నీ నడకకి ఒడ్డు చేరేసరికి నా పళ్ళన్నీ ఊడిపోతాయి.”

తిరుగు దారంతా ఎదురుగాలి. ముందు కూర్చున్న చెల్లెలికి సగం దూరంలోనే భుజాలు భగ్గుమన్నాయి. ఆగితే గాలి మళ్ళీ దీవికి తోసేస్తుందేమోనని పళ్ళు బిగించి తెడ్డు వేస్తోంది. వెనకనుంచి చాలాసేపుగా ఒక్క విసురూ లేదు, ఒక్క సలహా లేదు. అక్క ఉన్నచోట అది వింతే.

“ఏమే,” అంది అక్క ఆఖరికి. “నాకు చేతులు లాగుతున్నాయి. కాస్త ఆగుదామా?”

చెల్లెలు తెడ్డు ఒళ్ళో పెట్టుకుంది. వెనక్కి తిరగలేదు. వెనక అక్క ఒక్కతే తెడ్డు వేస్తూ కయాక్‌ని గాలికి పోకుండా నిలబెడుతున్న చప్పుడు వినిపిస్తోంది.

“నిన్న నీకు లాగలేదు కదూ?”

“లేదు.”

తెడ్డు చప్పుడు రెండు మూడుసార్లు వినిపించింది.

“దొంగ ముసలాడు,” అంది అక్క.

ఒడ్డున చెల్లెలి భర్త కారు పక్కనే నిలబడి ఉన్నాడు. “వదినగారూ, మరి క్లబ్బుకి ఫోను చెయ్యమంటారా?”

“చెయ్యండి మరిదిగారూ,” అంది అక్క, ముక్కు తుడుచుకుని దిగుతూ. “మీ కారు పెట్టుకోడానికి వాళ్ళ దగ్గర చోటుందేమో కనుక్కోండి.”