తేమ తరుగు

రామతులసి బరువు మిషన్ దిగి, దాన్ని గచ్చు మీద ఇంకాస్త సమంగా జరిపి మళ్లీ ఎక్కింది. అదే అంకె. ఎనభై ఒకటిన్నర. మొన్న ఆదివారం ఇదే మిషన్ ఎనభై చూపిస్తే సంతోషం పట్టలేక పక్కింటివాళ్లకి కూడా చెప్పుకుంది.

శుక్రవారం కాకినాడ వెళ్లాలి. బొడ్డు దగ్గర హెర్నియాకి ఆపరేషన్ చెయ్యాలంటే ముందు బరువు ఎనభైకి రావాలని, అప్పుడే తేదీ ఇస్తానని డాక్టరు గారు చెప్పి పంపారు. రెండు నెలలుగా సాయంత్రం టిఫిన్లు మానేసింది. కాలవగట్టు మీద నడిచింది. దగ్గొచ్చినప్పుడల్లా పొట్ట పట్టుకుని కూర్చోవడం ఇక తనవల్ల కాదు. ఇప్పుడీ కిలోన్నర ఎక్కణ్నుంచి వచ్చినట్టు?

నిన్న ఇంట్లో ఆవకాయ కలిపారు. బేసిన్ అడుగున మిగిలిన పిండిలో వేడన్నం కలిపి, అత్తగారు సుబ్బాయమ్మ ముద్దలు చేసి అందరి చేతుల్లో పెట్టింది. ఒక్క పూటకి ఏం కాదులే అంటే రెండు ముద్దలు తింది. మూడోది కూడా తిందేమో. అక్కడికి రాగానే సిగ్గేసి లెక్క ఆపేసింది.

ఎవరికీ చెప్పలేదు. పొద్దున ఏమీ తినలేదు. నీళ్లూ బరువే కదా అని గ్లాసు కూడా ముట్టుకోలేదు.

తెల్లవారుజామున పడిన జల్లుకి, రోడ్డు వార ఆరబోసిన రెండో పంట దాళ్వా ధాన్యం బరకాల కింద కూడా చెమ్మెక్కింది. ఎండ రాగానే బరకాలు తీసి, మొగుడూ పెళ్లాలిద్దరూ ధాన్యాన్ని కాళ్లతో తిరగేస్తున్నారు. రామతులసికి నాలుక అంగిట్లో అతుక్కుపోతోంది. అయినా ఆమె దిగులంతా శుక్రవారం మీదే ఉంది. డాక్టరు గారు మళ్లీ రెండు నెలలాగి రమ్మంటే?

మధ్యాహ్నానికి మిల్లు తరఫున లోకనాథ్ వచ్చాడు. తేమ మిషన్‌లో గుప్పెడు గింజలు పోసి చూసి పెదవి విరిచాడు. తేమ ఎక్కువుంది, తూకంలో తరుగు తియ్యక తప్పదన్నాడు. ఆమె మొగుడు మురళీకృష్ణ మెళ్లో తువ్వాలు తీసి దులిపాడు.

"తరుగేంటండీ? నిన్న మీరు చూసిన ధాన్యమే కదా ఇది. జల్లుకి కాస్త నీళ్లు పట్టింది. ఎండ కాస్తే అదే దిగిపోద్ది."

"బియ్యానికి రేటు కడతాను గానీ నీళ్లకెలా కట్టనండీ?"

"నేననేదీ అదే. బరువు పెరిగితే గింజ పెరిగినట్టా? రేపు రండి."

ధాన్యంలో రామతులసి కాళ్లు ఆగిపోయాయి. రెండు నెలలు పట్టి తగ్గింది రెండు ముద్దలకి తిరిగొస్తుందా? తన ఒంట్లోనూ నీళ్లేనేమో. కాకపోతే? ఆ ఆలోచన తెగకముందే కళ్లు బైర్లు కమ్మాయి. బరకం మీద కూలబడింది.

మురళీకృష్ణ పరుగున వచ్చి నీళ్లు తాగించాడు. అప్పుడు చెప్పింది అంతా. కూతురు లావణ్య ఆసుపత్రికి ఫోన్ చేస్తే నర్సు క్రిస్టినా ముందు నీళ్లు మానేసినందుకు కోప్పడింది. ఉప్పు ఎక్కువ తింటే ఒంట్లో నీరు నిలుస్తుందని, మామూలు తిండి తింటే రెండు మూడు రోజుల్లో అదే పోతుందని, ఒక్క పూట అంకె చూసి హడలిపోవద్దని చెప్పింది. తేదీ సంగతి మాత్రం డాక్టరు గారే చెప్పాలంది.

"లోకనాథ్ గారి మిషన్ నీ నోట్లో పెట్టి చూడాల్సింది," అన్నాడు మురళీకృష్ణ. ఇంకో గ్లాసు నీళ్లు ఆమె చేతికిచ్చాడు.

శుక్రవారం దాకా ఆమె మళ్లీ ఇంట్లో మిషన్ ఎక్కలేదు. ధైర్యం చాలలేదు. ఆసుపత్రిలో చెప్పులు విప్పి, గాజులు కూడా తియ్యాలా అని అడిగి, ఊపిరి బిగబట్టి ఎక్కింది. ఎనభై మీద నాలుగొందల గ్రాములు.

"ఆ నాలుగొందలూ తేమ తరుగు కింద తీసెయ్యండి డాక్టరు గారూ," అన్నాడు వెనకనుంచి మురళీకృష్ణ.

ఆయనకి అర్థం కాలేదు. పాత చీటీ తిరగేసి చూశారు.

"ఎనభై ఆరు నుంచి వచ్చారు కదమ్మా. చాలు," అని కలం తీశారు.

ఆయన రాసిన తేదీ మురళీకృష్ణ పైకి చదివేదాకా రామతులసి మిషన్ దిగలేదు.