లోపలి వదులు

ఇరవై మూడు, ఇరవై నాలుగు, ఇరవై అయిదు. ఇడ్లీ ముక్కను లెక్కపెట్టి నమిలి మింగింది లీలావతి. మింగి, కుట్టుమిషను మీద చెయ్యి ఆనించి ఎదురుచూసింది.

నొప్పి వచ్చింది. బొడ్డుకు ఎడమ పక్కన మొదలై, తడిబట్ట పిండినట్టు మెలితిరిగి వీపులోకి పాకింది. పళ్లు బిగబట్టి కూర్చుంది. అయిదు నిమిషాలకు దానంతటదే వదిలింది. మూడు వారాలుగా ఇదే వరస. తింటే వస్తుంది, కాసేపు ప్రాణం తోడేసి పోతుంది. పోయాక అసలేమీ జరగనట్టే ఉంటుంది. ఆమెకు అదే ఎక్కువ భయం.

ఆర్‌ఎంపీ వీరవెంకటరమణ గారు గ్యాస్ అన్నారు. తెల్లమందు సీసా ఇచ్చి రెండు ఇంజెక్షన్లు పొడిచారు. ఆయనకు లీలావతి అసలు సంగతి చెప్పలేదు.

అమలాపురం నల్లవంతెన పక్క సందులో ఆమె జాకెట్లు కుట్టబట్టి పదహారేళ్లు. ఏడాదిన్నర కిందటి దాకా నూట ఇరవై ఎనిమిది కిలోల మనిషి. షుగరు, మోకాళ్ల నొప్పులు. చర్చి మెట్లు మూడే అయినా భర్త ఇశ్రాయేలు భుజం పట్టుకుంటే గాని ఎక్కలేకపోయేది. కువైట్‌లో నర్సుగా ఉన్న చెల్లెలు పట్టుబట్టి హైదరాబాదులో ఆపరేషన్ చేయించింది. పొట్టను కోడిగుడ్డంత చేసి, పేగును పైకి తెచ్చి దానికి కలిపారు. ఊళ్లో మాత్రం పిత్తాశయంలో రాళ్లు తీశారని చెప్పుకున్నారు. తర్వాత ఒళ్లు తగ్గుతూ వస్తే, కాలవగట్టు మీద నడక అని మరో అబద్ధం. పొట్ట కోయించుకుందట అని నలుగురూ నవ్వుతారని లీలావతి భయం.

పదింటికి సూర్యకుమారి టీచరు జాకెట్టు కోసం వచ్చింది.

"ఎంత నాజూగ్గా అయిపోయేరండీ లీలావతి గారూ! రోజూ ఎంత దూరం నడుస్తారేంటి?"

"నాలుగు కిలోమీటర్లండీ," అంది లీలావతి. రోజూ చెప్పేదే. ఇవాళ మాత్రం మాట మార్చేసింది. జాకెట్టు సాయంత్రానికి ఇస్తానని పంపేసింది.

చేతిపని చేసే సత్యదుర్గను హుక్కులు తెమ్మని బజారుకు పంపి, బీరువాలోంచి హైదరాబాదు ఆసుపత్రి కాగితాలు తీసింది. ఆఖరి పేజీలో ఫోన్ నంబరు ఉంది. అవతల నర్సు అంతా వింది.

"అమ్మా, మీకు పేగుదారి మార్చారు కదా. అలా మార్చినప్పుడు లోపల సందులు ఏర్పడతాయి. మనిషి చిక్కాక కొవ్వు కరిగి అవి ఇంకా పెద్దవవుతాయి. పేగు అందులోకి జారితే ఇలాగే వచ్చిపోయే నొప్పి ఉంటుంది. ఇరుక్కుపోతే రక్తం ఆడదు. ఇప్పుడే సర్జన్‌కు చూపించి స్కాన్ తీయించండి. ఆపరేషన్ సంగతి ముందు చెప్పండి. చెప్పకపోతే వాళ్లూ గ్యాసనే అనుకుంటారు."

లీలావతికి వెంటనే అర్థమైంది. మనిషి చిక్కితే చంకల దగ్గర జాకెట్టు వదులవుతుంది. లోపలా అంతేనన్నమాట. ఆ వదుల్లోకి పేగు దూరుతోంది, మళ్లీ బయటికొస్తోంది. ఒకసారి రాకపోతే?

అయినా లేవలేదు. ఆసుపత్రిలో చెబితే మధ్యాహ్నానికి వీధంతా తెలుస్తుంది. ఇశ్రాయేలు హైస్కూల్లో అటెండరు, నాలుగున్నరకు గాని రాడు. ఆయన వచ్చాక వెళదాం, ఇప్పుడు నొప్పి లేదుగా, అనుకుంది. టీచరు జాకెట్టుకి కుడిచెయ్యి కుట్టింది. ఎడమచెయ్యి మొదలుపెట్టింది.

ఒంటిగంటకు నాలుగు చెంచాల మజ్జిగన్నం తింది. ఈసారి వచ్చిన నొప్పి వదల్లేదు. అయిదు నిమిషాలయింది, పావుగంటయింది. వాంతికి వచ్చింది గాని నురగ తప్ప ఏమీ పడలేదు. నేల మీదికి జారి మోకాళ్లు ముడుచుకుంది.

"అక్కా! ఏటైందక్కా? సోడా తెమ్మంటారా?" సత్యదుర్గ పరుగున వచ్చింది.

"సోడా వద్దే. ఆటో పిలు." ఊపిరి కూడదీసుకుంది. "నాది నడక కాదు దుర్గా. ఆపరేషను. పొట్ట తగ్గించేరు, పేగు మార్చేరు. ఇప్పుడది ఇరుక్కున్నట్టుంది. నేను మాట్లాడలేకపోతే డాక్టరు గారికి నువ్వు చెప్పు. ముందు అదే చెప్పు."

"ఆయ్, చెప్తానక్కా."

దుర్గ వెంటనే ఆటో తెచ్చింది. ఆసుపత్రి గుమ్మంలోనే, జనమంతా వింటుండగా, గట్టిగా చెప్పింది. కుర్ర డాక్టరు పొట్ట తాకి చూసి వెంటనే స్కాన్‌కు పంపాడు. ఫిల్ము వెలుతురుకు పెట్టి, ఇక్కడ కాదు, కాకినాడ తీసుకెళ్లండన్నాడు. అంబులెన్సు కదిలేవేళకు ఇశ్రాయేలు స్కూలు నుంచి రొప్పుతూ వచ్చి ఎక్కాడు.

యానాం వంతెన మీద గోదావరి గాలి కిటికీలోంచి కొట్టింది.

"అందరికీ తెలిసిపోయిందండీ," అంది లీలావతి.

"తెలిస్తే తెలిసింది. నువ్వు మాటాడకు." ఆమె వేళ్లు తన చేతిలోకి తీసుకున్నాడు. చల్లగా ఉన్నాయి.

"సూర్యకుమారి గారి జాకెట్టుకి ఎడమచెయ్యి వెయ్యాలి. దుర్గకి చెప్పండి."

సాయంత్రం ఆరింటికి ఆపరేషన్‌కు లోపలికి తీసుకెళ్లారు. ఇరుక్కున్న పేగును విడదీశారు గాని అప్పటికే చాలా భాగం నల్లబడిపోయింది. ఇంకో నాలుగు గంటలు ముందు వచ్చుంటే బాగుండేదన్నాడు పెద్ద డాక్టరు. మర్నాడు పదింటికి, మళ్లీ మెలకువ రాకుండానే, లీలావతి పోయింది.

నాలుగో రోజున, ఎవరి బట్టలు వాళ్లకిచ్చేయమని ఇశ్రాయేలు తాళంచెవి పంపితే సత్యదుర్గ కొట్టు తెరిచింది. మొదట సూర్యకుమారి టీచరే వచ్చింది. గుమ్మంలోనే నిలబడింది. ఆసుపత్రిలో విన్న జనంలో ఈ వీధివాళ్లెవరూ లేనట్టుంది.

"అంత నడక మంచిది కాదని అంటున్నారు అందరూ. గుండాగిందంటగా?"

"కాదండీ," అంది దుర్గ. "ఒళ్లు తగ్గడానికి ఆపరేషన్ చేయించుకున్నారండీ. లోపల పేగు ఇరుక్కుంది. అక్క ఆ సంగతి ఎవరికీ చెప్పుకోలేదు."

దుర్గ చేతికుట్టుతో ఎడమచెయ్యి వేసి ఉంచిన జాకెట్టు తీసుకుని టీచరు వెళ్లిపోయింది.

మిషను ముందు పీట ఖాళీగా ఉంది. లీలావతి లావుగా ఉన్న రోజుల్లో, మామూలు స్టూళ్లు ఆగడం లేదని ఇశ్రాయేలు టేకుతో చేయించిన వెడల్పాటి పీట అది. ఒక అంచున, ఈ ఏడాదిన్నరా ఆమె కూర్చున్నంత మేర కర్ర నున్నగా మెరుస్తోంది, మిగతా అంతటా దారప్పోగులు పేరుకుని ఉన్నాయి.