తీగ కాని చెయ్యి

టక్ —

పచ్చి అలసందకాయ విరిచినట్టు.

ప్రతి గురువారం పొద్దున నాట్యశాలలో ఆ చప్పుడు. వెంటనే పిల్ల కేక. ఆ వెంటనే అందరి మెచ్చుకోలు. ఇన్నేళ్ళయినా ఇక్కడ నాట్యం నేర్పే థియావీకి అది అలవాటు కాలేదు.

మోచేయి తలుపులాంటిది. మూసుకుంటుంది, తెరుచుకుంటుంది. చెయ్యి బారజాపగానే వెనక ఎముక తన గుంటలో కూర్చుని, ఇక చాలు అంటుంది. అటూ ఇటూ నరాలు తాళ్ళలా బిగించి పట్టుకుంటాయి.

అందుకే బిందె మొయ్యగలం. అందుకే బిడ్డనెత్తుకోగలం.

ఆ 'చాలు'ను వీళ్ళు, మోచేయి వెనక్కి వంచి, విరగ్గొడతారు. విరగ్గొట్టి, అందం అంటారు. ఛీ.

నాట్యంలో అప్సరసలకు ఎముకలుండవట. చేతులు తీగలట...

థియావీ మోచేయి వెనక్కి వంగుతుంది. ఒకప్పుడు వేదిక మీద దాన్ని చూసి కంబోడియా రాజధాని ఫ్నోం పెన్ చప్పట్లు కొట్టింది. ఇప్పుడు అన్నం కుండ దించబోతే అదే చెయ్యి వెనక్కి జారిపోతుంది. ఆ చేత్తోనే ఇక్కడి పిల్లల మోచేతులు వంచి పొట్ట పోసుకుంటోంది. తనంటే తనకే రోత.

ఈ గురువారం అరటిపళ్ళూ కొవ్వొత్తులూ తెచ్చి గురువుకు మొక్కిన కొత్తపిల్ల — రచనా. ఏడేళ్ళు. థియావీ కూతురు. వద్దంటే మూడు రోజులు అన్నం మానేసింది.

"రావే బంగారం," అంది పంతులమ్మ సంఫోస్, నోట్లో వక్కాకు కుక్కుకుని. "మీ అమ్మ చెయ్యి చూశావుగా, తీగ!"

"తీగకి ఎముకుండదు పంతులమ్మా. దీని చేతికుంది," అంది థియావీ.

"నీకూ ఉండేది. ఒంచింది నేనే కదే. ఏడ్చావు. చచ్చావా?"

పిల్లలు కిసుక్కున నవ్వారు. పంతులమ్మ పెదవి చివర ఎర్రటి ఉమ్ము.

రచనా తనే చెయ్యి చాపింది.

"అమ్మా, నాదీ నీలాగే టక్‌మంటుందా?"

ఆ కళ్ళలో ఎంత ఆశ! అన్నిటికంటే దానికే థియావీకి అసహ్యం వేసింది. ఆ ఆశ నేర్పింది తన చెయ్యే.

పంతులమ్మ రెండు మోకాళ్ళ మధ్య చిన్న మోచేయి. కర్పూర తైలం కంపు. మోకాళ్ళు బిగుసుకుంటున్నాయి —

థియావీ తన చెయ్యి దూర్చింది. బిడ్డ మోచేతికీ ఆ మోకాలికీ మధ్య. కుండ దించలేని చెయ్యి. వదులు చెయ్యి.

"తియ్యవే, పిచ్చిదానా!"

తియ్యలేదు. బారజాపి అడ్డం పెట్టింది. ఆ చెయ్యి నిలిచింది... ఇంకా నిలిచింది...

టక్ —

పచ్చి అలసందకాయ విరిచినట్టు.

ఈసారి ఆ చప్పుడు థియావీ చేతిది. పిల్ల కేక వెయ్యలేదు.