మబ్బుగారి ఒక్క స్టారు

కృత్రిమ కాళ్ళు తయారుచేసే ఆ కేంద్రంలో అతన్ని అసలు పేరుతో పిలిచేది జీతాల గుమాస్తా ఒక్కడే. మిగతా అందరికీ అతను మబ్బుగారు. మూడేళ్ళ కిందట ఒక మీటింగులో నలభై నిమిషాలపాటు గుక్క తిప్పుకోకుండా క్లౌడు గురించి దంచేసరికి, కాళ్ళకు పట్టీలు కుట్టే ఆవిడ బయటికొస్తూ ఆ పేరు తగిలించింది. అతను నొచ్చుకోలేదు సరికదా, లోలోపల మురిసిపోయాడు.

దంచిన విషయం ఇదీ. కేంద్రానికి వచ్చేవాళ్ళ పేర్లు, కొలతలు, స్కాను బొమ్మలు అన్నీ ఉండే డేటాబేసు అప్పట్లో మెట్ల కింద ఇరుకు గదిలో, ఫ్యానంత చప్పుడు చేసే ఒక మిషనులో ఉండేది. దాన్ని మనం కాపలా కాయడమెందుకు, పెద్ద కంపెనీవాళ్ళు వాళ్ళ మిషన్లలో పెట్టుకుంటారు, రిపేర్లూ బ్యాకప్‌లూ అన్నీ వాళ్ళే చూసుకుంటారు, మనం హాయిగా గుండెమీద చెయ్యేసుకుని ఉండొచ్చు అన్నాడు. బాగానే ఉంది. కానీ మెట్ల కింద గదిలో ఆ మిషన్ని కాపలా కాసే మనిషి ఎవరో కాదు, మబ్బు సొంత అక్క మొగుడు. తమ్ముడి ఉద్యోగం కోసం అక్క పోరుపెడితే, డైరెక్టరమ్మ దగ్గరికి వెళ్ళి చేతులు కట్టుకుని నిలబడి ఆ ఉద్యోగం ఇప్పించింది కూడా ఆయనే.

బావది చాదస్తం. రోజూ సాయంత్రం ఒక డిస్కులోకి నకలు తీసేవాడు. అక్కడితో ఆగేవాడా, ప్రతి నెలా మొదటి శనివారం ఆ నకలుని ఒక ముసలి కంప్యూటరులో ఎక్కించి, తెరుచుకుంటోందో లేదో చూసేవాడు. మీటింగులో మబ్బు ఆ సంగతెత్తి, మా బావది కోడిపెట్ట బుద్ధి, పిల్లలు రెక్కల కింద ఉన్నాయో లేదో అరగంటకోసారి చూసుకోకపోతే తోచదు అన్నాడు. అందరూ నవ్వారు. బావ కూడా నవ్వాడు. తర్వాతి నెలలో ఆయన్ని స్టోర్సుకి మార్చారు. అక్కడ మరమేకులూ పట్టీలూ రబ్బరు పాదాలూ లెక్కచూసుకోవడమే పని. అక్క రెండు ఆదివారాలు తమ్ముడితో మాట్లాడలేదు. మూడో ఆదివారం తనే ఫోను చేసి అన్నానికి రమ్మంది, అక్కలు అంతే.

మబ్బు పనిమంతుడే, ఆ మాట కాదనకూడదు. అతని జబ్బల్లా 'తర్వాత చేద్దాం' అన్న మాట. ఆ మధ్య డేటాబేసుకి కొత్త వెర్షను వచ్చింది. ముందు పరీక్షించి చూద్దామని పక్కన ఇంకొకటి తెరిచి, దానికి 'ప్రయత్నం' అని పేరు పెట్టాడు. పరీక్ష బ్రహ్మాండంగా కుదిరింది. సోమవారం నుంచి దానిమీదే పని నడిపించమంది డైరెక్టరమ్మ. నడిపించాడు. పాతది పక్కన ఊరికే పడి ఉంది. కొత్తదాని పేరు మార్చాలంటే పని అరగంట ఆపాలి. ఆ అరగంట ఎప్పుడూ దొరకలేదు. ఐదు వారాలు గడిచాయి. కేంద్రం మొత్తం 'ప్రయత్నం' మీదే నడుస్తోందన్న సంగతి దాన్ని నడుపుతున్న మనిషే మరిచిపోయాడు.

ఒక మంగళవారం పొద్దున మబ్బుకి శుభ్రత పూనింది. వాడకంలో లేనివన్నీ తీసిపారేద్దామని కంపెనీవాళ్ళ పేజీ తెరిచి కూర్చున్నాడు. పట్టికలో 'ప్రయత్నం' కనిపించింది. ఈ చెత్త ఇంకా ఉందా అనుకుని డిలీట్ నొక్కాడు. న్యాయంగా చెప్పాలంటే ఆ పేజీ మూడుసార్లు అడిగింది. నిజంగానే చెరిపెయ్యాలా అంది. దాని పేరు చేత్తో టైపు చెయ్యమంది. చివరిగా ఒక నకలు ఉంచమంటారా, లేకపోతే రోజువారీ బ్యాకప్‌లు కూడా దీంతోపాటే పోతాయి అని ఎర్ర అక్షరాల్లో చెప్పింది. ఎర్ర అక్షరాలు రోజూ చూసీ చూసీ, చదవడం మానేసి ఎన్నాళ్ళో అయింది అతనికి. అక్కర్లేదని టిక్కు కొట్టాడు. అప్పుడు పదకొండు నలభై రెండు.

నాలుగు నిమిషాల్లో స్కాను గదిలోంచి కొలతలమ్మ వచ్చింది. కాలు ఎక్కడివరకు ఉందో, చుట్టుకొలత ఎంతో తీసే ఆవిడని అందరూ అలాగే పిలుస్తారు. స్క్రీను తెల్లగా అయిపోయిందని చెప్పింది. మబ్బు పట్టిక వైపు చూశాడు. చెరిపేసిన 'ప్రయత్నం' మీదే పని అంతా నడుస్తోందని అప్పుడు గుర్తొచ్చింది. పాతదాంట్లో ఐదు వారాల కిందటి వరకూ అన్నీ భద్రంగా ఉన్నాయి. ఆ తర్వాత వచ్చిన నలభై ముగ్గురి కొలతలూ బొమ్మలూ ఎక్కడా లేవు. ప్లాస్టరుతో పోతపోసిన కాళ్ళ అచ్చులు దాచే రోజులు పోయి చాలాకాలమైంది. వాళ్ళ పేర్లూ ఫోను నెంబర్లూ మాత్రం గుమ్మం దగ్గర రిజిస్టరులో ఉన్నాయి.

డైరెక్టరమ్మ పరుగున వచ్చింది. మబ్బు నోరు తెరిచింది నిజం చెప్పడానికే. కానీ ఆవిడ వెనకాల గుమ్మంలో, చేతిలో రబ్బరు పాదంతో బావ నిలబడి ఉన్నాడు. నోట్లోంచి వచ్చిన మాట వేరు.

"వాళ్ళ వైపు ఏదో అయిందండి."

బ్యాకప్‌లు వాళ్ళే తీస్తామన్నారు కదా అని ఆవిడ అడిగింది. తీస్తామనే అన్నారండి, అన్నాడు. ఆ మాట అక్షరాలా నిజం. అందుకే మొదటి అబద్ధం కన్నా అది నీచంగా ఉంది. బావ పాదం పట్టుకుని స్టోర్సులోకి వెళ్ళిపోయాడు.

డైరెక్టరమ్మ నిక్కచ్చి మనిషి. తనకి జరిగిన అన్యాయం ఇంకొకరికి జరగకూడదంటుంది. ఇలాంటి సేవలు వాడినవాళ్ళు తమ అనుభవాలు రాసుకునే సైటు ఒకటుంటుందట కదా, అందులో రాయండి, మనలాంటి ఆసుపత్రులు ఇంకెన్నో వాళ్ళని నమ్ముకుని ఉంటాయి అంది. రాసేదాకా పక్కనే నిలబడింది. మబ్బు రాశాడు. బ్యాకప్ ఉందన్నారు, అవసరానికి లేదు, మా రోగుల ఐదు వారాల వివరాలు గంగలో కలిశాయి, నమ్మకండి. ఒక్క స్టారు ఇచ్చాడు. ఆవిడ ఒక విశేషణం కూడా చేర్పించింది.

మూడు రోజుల్లో నూట పన్నెండు మంది ఉపయోగపడిందని నొక్కారు. ఎక్కడో దూరాన కంటి ఆసుపత్రివాళ్ళు కింద కృతజ్ఞతలు రాశారు. వచ్చే వారం వాళ్ళతోనే ఒప్పందం రాసుకోబోతున్నాం, మీరు కళ్ళు తెరిపించారు, ఆపేశాం అని. మబ్బు ఆ పేజీని రోజుకి పదిసార్లు తెరిచేవాడు. పుండుని గోకకుండా ఉండలేని మనిషిలా అయిపోయాడు.

నాలుగో రోజున కంపెనీ సహాయ విభాగం నుంచి ఒకావిడ మెయిలు రాసింది. ఎంతో మర్యాదగా రాసింది. మంగళవారం పదకొండు నలభై రెండుకి మీ లాగిన్ నుంచి డిలీట్ ఆదేశం వచ్చింది, చివరి నకలు వద్దన్నారు. ఇది మీ సంస్థ సొంత విషయం కనుక మీరు అనుమతిస్తే తప్ప ఎక్కడా బయటపెట్టము. మీకు కలిగిన నష్టానికి మా విచారం. అతను దాన్ని నాలుగుసార్లు చదివాడు. తిట్టి ఉంటే తిరిగి తిట్టేవాడు. తన పరువు తానేదో దాచుకున్నాననుకుంటున్నాడు గానీ, దాస్తున్నది ముక్కూ మొహం తెలియని ఆవిడ. సిగ్గుతో చచ్చిపోయాడు. అయినా ఆ మెయిలుకి జవాబు రాయలేదు.

ఈలోగా కొలతలమ్మ రిజిస్టరు ముందేసుకుని ఒక్కొక్కరికే ఫోను చేస్తోంది. మళ్ళీ రావాలండీ, క్షమించండి, మా వివరాలు దాచిపెట్టే కంపెనీవాళ్ళు పోగొట్టారండీ అంటోంది. ఆవిడ గొంతు చెక్క గోడ ఇవతలికి స్పష్టంగా వినిపిస్తుంది. 'పోగొట్టారండీ' దగ్గరికి వచ్చినప్పుడల్లా మబ్బు ఏదో ఒక పని కల్పించుకుని లేచి వెళ్ళిపోయేవాడు.

తొమ్మిదో రోజున ఆ నలభై ముగ్గురిలో ఒకడైన టైలరు వచ్చాడు. ఒంటికాలితో, చంకల్లో కర్రలతో, ఐదు గంటలు బస్సులో కూర్చుని మళ్ళీ వచ్చాడు. కొత్త కాలు వస్తే మిషను తొక్కుకోవచ్చని పెళ్ళిబట్టలు ఒప్పుకున్నానని, ఇప్పుడు అవి వెనక్కి పంపేశానని మామూలుగా చెప్పాడు. వరండాలో మబ్బు తల దించుకుని నిలబడితే ఆయనే ఓదార్చాడు.

"మీరెందుకు బాబూ అలా అయిపోతారు? ఎవడో చేసినదానికి మీరేం చేస్తారు?"

మబ్బుకి తల కొట్టేసినట్టయింది. కక్కలేడు, మింగలేడు. తిన్నగా స్టోర్సులోకి నడిచాడు. ఎందుకు అక్కడికే వెళ్ళాడంటే, చిన్నప్పుడు అక్క కొడితే కూడా బావ వెనకాలకే వెళ్ళి దాక్కునేవాడు. కాళ్ళకి ఆ దారి అలవాటు.

బావ ఎడమ పాదాలూ కుడి పాదాలూ వేరుచేస్తున్నాడు. తలెత్తలేదు.

"చెప్పవోయ్."

"బావా, ఆ డేటాబేసు వాళ్ళు పోగొట్టలేదు. నేనే..."

"పదకొండు నలభై రెండుకి. తెలుసు."

బావే నెమ్మదిగా చెప్పాడు. మూడేళ్ళ కిందట కంపెనీలో ఖాతా తెరిచినప్పుడు రికార్డుల బాధ్యుడిగా ఉన్నది ఆయనే. ఆయన మెయిలే ఇచ్చారు. స్టోర్సుకి మారాక దాన్ని మార్చాల్సింది మబ్బు, అదీ తర్వాత చేద్దాం కింద పడిపోయింది. ఏదైనా చెరిపేస్తే ఖాతాదారుకి కబురు దానంతటదే వస్తుంది. ఎవరు చెరిపారో, ఎన్నింటికి చెరిపారో, నకలు వద్దన్నారో లేదో, అన్నీ అందులో ఉంటాయి. ఆ రోజు రబ్బరు పాదం పట్టుకుని గుమ్మం దాకా పరిగెత్తుకొచ్చింది ఆ కబురు చూసే.

"మరి ఎందుకు చెప్పలేదు బావా? అందరి ముందూ నా పరువు తీసి ఉండొచ్చు కదా మీరు."

బావ చేతిలో పాదాన్ని అటూ ఇటూ తిప్పాడు. ఎడమదో కుడిదో తేల్చుకోలేకపోతున్నట్టు దానివైపే చూస్తున్నాడు.

"అబద్ధమెందుకు, ఆ రోజు నాకు సంతోషమేసింది. బాగా అయింది వీడికి, అనుకున్నాను. ఇంటికెళ్ళి మీ అక్కతో కూడా చెప్పకుండా ఒక్కణ్ణే నవ్వుకున్నాను. మర్నాడు ఆ కొలతలమ్మ ఫోన్లు మొదలుపెట్టింది. అవతల నలభై ముగ్గురు కాళ్ళు లేక కూర్చుంటే నేను నవ్వుకున్నానే అని, అప్పట్నించీ నీ మొహం చూడాలంటే నాకే సిగ్గుగా ఉంది. నిన్ను బయటపెట్టడానికి నాకేం మొహముంది?"

ఇద్దరూ కాసేపు పాదాలు వేరుచేశారు. మబ్బు పెట్టినవాటిలో మూడు తప్పు కుప్పలో పడ్డాయి. బావ వాటిని తీసి సరైన కుప్పలో వేశాడు.

"అక్కకి తెలిస్తే?" అన్నాడు మబ్బు.

"ముందు డైరెక్టరమ్మకి తెలియనీ. మీ అక్క తిట్లు మనిద్దరం కలిసి పడదాం."

బావ కూడా వస్తానన్నాడు. మబ్బు వద్దన్నాడు. వద్దని గట్టిగా అనలేకపోయాడు గానీ, బావ లేవకముందే గుమ్మం దాటేశాడు.

డైరెక్టరమ్మ అరవలేదు. అరిస్తే బావుణ్ణనుకున్నాడు. విన్నంతసేపూ కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టి, దానివైపే చూసింది. ఆ రాతలో నా మాట కూడా ఒకటి చేర్పించాను కదా, అంది. అంతే. ముందు అది సరిచెయ్యమంది. అతను అక్కడే కూర్చుని, ఆవిడ ఎదుటే రాశాడు. మొదట రాసింది అబద్ధం. వాళ్ళు ఏమీ పోగొట్టలేదు. నడుస్తున్న డేటాబేసుని పనికిరానిదనుకుని నేనే చెరిపేశాను. మూడుసార్లు అడిగారు, మూడుసార్లూ సరేనన్నాను. కంటి ఆసుపత్రివారికి నా క్షమాపణ. కింద ఈసారి అసలు పేరు పెట్టాడు. స్టార్లు ఎన్ని వెయ్యాలని ఆ సైటు అడిగితే, ఐదు వేశాడు. ఐదు కన్నా ఎక్కువ ఉన్నా వేసేవాడే.

"ఆ ఫోన్లు ఎవరు చేస్తున్నారు?" అని అడిగింది డైరెక్టరమ్మ.

కొలతలమ్మ అన్నాడు.

"ఇకనుంచి మీరు చెయ్యండి. మొదటి పేరు నుంచి. ఆవిడ చేసేసినవాళ్ళకి కూడా."

సంగతి విన్న కొలతలమ్మ ఒక్క మాటా అనకుండా రిజిస్టరు అతని ముందుకు తోసి, కుర్చీ ఖాళీ చేసి వెళ్ళిపోయింది. ఎనిమిది రోజులుగా అతని అబద్ధాన్ని తన నోటితో చెప్పిన మనిషి, ఇంకేమంటుంది? మబ్బు మొదటి నెంబరు నొక్కాడు. బట్టలు ఇస్త్రీ చేసి బతికే ఆవిడది. మోకాలి కింద నుంచి కుడికాలు లేదు. ఫోను చాలాసేపు మోగింది.

"ఎవరండీ?"

ఏం చెప్పాలో ముందే కాగితం మీద రాసుకున్నాడు. ఆ కాగితం పక్కకి తోసేశాడు.

"కాళ్ళ కేంద్రం నుంచమ్మా. మీ కొలతలు కంపెనీవాళ్ళు పోగొట్టారని మొన్న చెప్పారు కదా, అది నిజం కాదు. చెరిపేసింది నేను. తప్పు దాచిపెట్టి అబద్ధం ఆడింది కూడా నేనే. నన్ను క్షమించండి."

అవతల ఇస్త్రీపెట్టె పక్కన పెట్టిన చప్పుడు. తర్వాత ఏమీ లేదు. తిట్టడానికి మాటలు కూడగట్టుకుంటోందనుకుని మబ్బు కళ్ళు మూసుకున్నాడు. ఎన్ని మాటలైనా పడదామని సిద్ధమైపోయాడు. ఆ తిట్లు తిన్నాకైనా కాస్త తేలికపడతానేమోనని లోపల చిన్న ఆశ కూడా ఉంది.

"సరేనండి," అంది ఆవిడ. "మరి నన్నెప్పుడు రమ్మంటారు?"

అతను తారీఖు చెప్పాడు.

"ఉండండి, రాసుకుంటాను," అంది.

ఫోను ఎక్కడో పెట్టింది. గట్టి నేలమీద ఒంటికాలితో గెంతుకుంటూ వెళ్తున్న చప్పుడు వినిపించింది. ఆ చప్పుడు గది అవతలివరకూ వెళ్ళి ఆగింది. ఏదో సొరుగు లాగింది. మళ్ళీ గెంతుకుంటూ ఫోను దగ్గరికి వస్తోంది. మబ్బు ఫోను చెవికి ఆనించుకుని, ఒక్కొక్క గెంతూ వింటూ కూర్చున్నాడు.