బొమ్మలో తెగిన చోట

నేను ఒక మెడదిండును, కాని ఇంతవరకు ఏ మెడా నాలో దూరలేదు. ఆ తప్పు నాది కాదు, మెడలదీ కాదు. ఆ తప్పే లేకపోతే నాకింత భాగ్యం ఉండేదీ కాదు.

పుట్టుకతో నేను ఆకుపచ్చ జాకెట్టు ముక్కను. మా జాతి సంగతి మీకు తెలియనిదా! పసుపు కుంకాలతో ఒక ఇంటికి వెళ్తాం, బీరువాలో కొన్నాళ్ళు పడుకుంటాం, మరో పేరంటానికి మరో ఇంటికి బయలుదేరతాం. ఇచ్చేవాళ్ళు ఆప్యాయంగానే ఇస్తారు, పుచ్చుకునేవాళ్ళు కళ్ళకద్దుకునే పుచ్చుకుంటారు. కుట్టించుకునేవాళ్ళు మాత్రం ఉండరు. అలా బాపట్ల వీధులన్నీ తిరిగి తిరిగి, చివరికి వైజయంతి పెళ్ళిలో ఆమె సూట్‌కేసులో పడ్డాను.

వైజయంతి మిరపతోటల్ని పీల్చేసే తామరపురుగు మీద పరిశోధన చేస్తుంది. తెలివైన పిల్లే, కాని నిద్ర చాలకపోతే ఆమె నోట ఒక మాటకు బదులు మరో మాట వస్తుంది. పెళ్ళి ముహూర్తం అర్ధరాత్రి దాటాక. తెల్లారి అత్తవారి గుమ్మంలో ఆడపడుచు అడ్డంగా నిలబడి, "ఎవరెవరు వచ్చారో పేర్లు చెబితేనే లోపలికి" అంది. వైజయంతి నిద్రకళ్ళతో తల వంచుకుని, "నేనూ, తామరపురుగూ వచ్చాం" అంది.

సూట్‌కేసులోంచి ఆ నవ్వులు నేను చెవులారా విన్నాను. పెళ్ళికొడుకు చక్రధర్ అందరికంటే గట్టిగా నవ్వాడు. ఆ రోజు నుంచి ఆ ఇంట్లో అతని పేరు తామరపురుగు గారే.

నెల తిరక్కుండానే ఆమెకు ఆస్ట్రేలియాలో ఒక సదస్సులో మాట్లాడే పిలుపొచ్చింది. విదేశంలో అదే మొదటి ప్రసంగం. కొత్త దంపతుల విహారం కూడా అందులోనే కలిసొస్తుందని చక్రధర్ సెలవు పెట్టాడు. చిక్కల్లా ఒకటే. రాత్రంతా విమానంలో కూర్చోవాలి, దిగిన పూటే వేదిక ఎక్కాలి.

"నిద్ర లేకుండా ఎక్కితే అక్కడ తామరపురుగు అనాల్సిన చోట మీ పేరు అంటానేమోనండీ" అని దిగులు పడింది.

ఆమె మేనత్త సీతారత్నం కుట్టుపనిలో ఘనురాలు. ఫోనులో మెడదిండు బొమ్మ చూసి, వైజయంతి సూట్‌కేసులోంచి నన్ను తీసి తన ఇంటికి పట్టుకెళ్ళి, బూరుగుదూది కూరి కుట్టింది. అన్నేళ్ళలో నా ఒంటిమీద సూది పెట్టిన మొదటి మనిషి ఆవిడ. తీసుకెళ్ళి మేనకోడలి చేతిలో పెట్టింది.

"అత్తా, ఇది గుండ్రంగా ఉందేంటి? ఒకవైపు తెరిచి ఉండాలి కదా, మెడకి పెట్టుకోవడానికి!"

"బొమ్మలో అక్కడ తెగిపోయిందనుకున్నానే. కొత్త పెళ్ళికూతురికి తెగిన వస్తువు కుట్టి ఇస్తానా? అందుకే కలిపేశా."

చక్రధర్ నన్ను తలమీద పెట్టుకుని, "చుట్టకుదురు వచ్చింది, బిందె ఎక్కడ అత్తయ్యా?" అన్నాడు. ఆవిడ చిన్నబుచ్చుకుంది. వైజయంతి అది చూసి నన్ను గుండెకు హత్తుకుని, "ఇదే తీసుకెళ్తా" అంది. ఆ మాటకు నా దూదంతా పొంగింది.

విమానంలో నా పరువు పోయింది. ఆమె తల నాలో దూరలేదు. ముందున్న బల్లమీద నన్ను పెట్టి ముఖం ఆనిస్తే భోజనం వచ్చింది. కిటికీకి ఆనిస్తే జారిపోయాను. దీపాలు ఆర్పారు, చుట్టూ గురకలు మొదలయ్యాయి. ఆమె మాత్రం కళ్ళు తెరుచుకునే ఉంది.

"మీ పేరు మర్చిపోయేలా ఉన్నానండీ" అంది నీరసంగా.

చక్రధర్ నన్ను అటూ ఇటూ తిప్పి చూశాడు. తర్వాత గాజు తొడుక్కున్నట్టు తన చేతిని నాలో దూర్చి భుజం దాకా లాక్కున్నాడు. సరిగ్గా పట్టాను.

"ఇటు వాలు."

వాలింది. నాలుగు మాటలైనా కాకముందే నిద్రపోయింది.

మనుషులు నాకు పూర్తిగా అర్థం కారు. ఒకరు నిద్రపోవడం చూసి ఇంకొకరు అంత సంబరపడటమేమిటి? అతని చెయ్యి తిమ్మిరెక్కింది, కదల్లేదు. టీ వచ్చింది, కళ్ళతోనే వద్దన్నాడు. మరో అవసరం కూడా వచ్చినట్టుంది, పళ్ళ బిగువున ఆపుకున్నాడు. అయినా చీకట్లో తనలో తాను నవ్వుకుంటూనే ఉన్నాడు.

తెల్లారి విమానం దిగింది. వైజయంతి లేచేసరికి బుగ్గమీద నా కుట్టు గుర్తు పడింది. చక్రధర్ మొదట వెనకనున్న మరుగుదొడ్డికి పరుగెత్తి, స్థిమితపడి వచ్చాడు. అప్పటికి వాళ్ళిద్దరే చివర మిగిలారు. విమానం గుమ్మంలో అతను చేతులు చాచి అడ్డంగా నిలబడ్డాడు.

"పేర్లు చెబితేనే దిగనిస్తా."

"అబ్బ, తప్పుకోండి! ఆ ఎయిర్‌హోస్టెస్ అమ్మాయి చూస్తోంది."

"చెప్పు మరి."

ఆమె సిగ్గుపడి, తల వంచకుండా అతని కళ్ళలోకే చూస్తూ, "వైజయంతీ, చక్రధరూ వచ్చాం" అంది.

"హమ్మయ్య! ఇక పురుగుల సంగతి నువ్వు చూసుకో."

చూసుకుంది. ఆమె సంచిలో కూర్చుని విన్నాను. ఎక్కడా మాట తడబడలేదు. మొదటి చప్పట్లు ఒక చేత్తో తొడమీద కొట్టినట్టు వినిపించాయి. అతని రెండో చెయ్యికి ఇంకా తిమ్మిరి వదల్లేదు మరి.

ఇప్పుడు నేను వాళ్ళ ముందుగదిలో సీతారత్నం గారిచ్చిన ఇత్తడి బిందె కింద ఉన్నాను. చివరికి చుట్టకుదురునే అయ్యాను. ఆమె బుగ్గ ఆనిన వైపు నా దూది అణిగిపోయింది, అందుకని బిందె కాస్త అటు ఒరుగుతుంది. వచ్చినవాళ్ళంతా దాన్ని సరిచేయబోతారు.

"ఉండనివ్వండి" అంటారు వాళ్ళిద్దరూ ఒక్కసారే.