కింది గొంతు

"పొద్దుగాల్నే ఏందే ఆ మూలుగుడు? ఇంట్ల ఎవడో మగోడు సొచ్చినట్టున్నది," అంది కమలాదేవి, పెరట్లోంచి పాలచెంబుతో లోపలికి వస్తూ.

రజిత చటుక్కున నోరు మూసుకుంది. పొయ్యి మీద పప్పు ఉడుకుతోంది. చేతులకు చపాతీ పిండి అంటుకుని ఉంది. అత్త అనేదాకా తాను పాడుతున్న సంగతే ఆమెకు తెలియదు. నిన్న స్కూల్లో విన్న పాట గొంతులోనే ఉండిపోయి, పిండి పిసుకుతుంటే దానంతటదే బయటికొచ్చినట్టుంది.

ఆ మాట కొత్తది కాదు. పెళ్ళిచూపుల్లో ఒక పాట పాడమంటే పాడింది. తర్వాత పెళ్ళికొడుకు నరేందర్ వాళ్ళ మేనత్త, "పిల్ల మంచిగున్నది గని గొంతే జర బొంగురు," అని చాయ్ కప్పు కింద పెట్టింది. పెళ్ళయ్యాక ఫోన్లో అవతలివాళ్ళు ఆమెను "అన్నా" అని పిలిచినప్పుడల్లా నరేందర్ పగలబడి నవ్వేవాడు. "మా ఇంట్ల ఇద్దరం మొగోళ్ళమే," అని దోస్తులకు చెప్పేవాడు. బతుకమ్మ ఆడేచోట అత్త ముందే చెవిలో చెప్పింది: "పదం మేమంటం. నువ్వు చప్పట్లు గొట్టు, సాలు." అప్పటినుంచి ఏటా ఆ గుండ్రంలో తిరుగుతూ పెదవులు మాత్రం ఆడించేది. ఆమె పాడటం లేదని ఎవరూ కనిపెట్టలేదు. వద్దన్నందుకు కన్నా, ఆ గొంతు లేని లోటు ఎవరికీ తెలియనందుకే ఆమెకు ఎక్కువ బాధ కలిగేది.

బి.ఎడ్.లో చేరతానంటే నరేందర్ సరేనన్నాడు. ఇంటికొక టీచర్ నౌకరీ వస్తే మంచిదే కదా అనుకున్నాడు. "సదువుకో గని, ఇంట్ల పనికి అడ్డం రావద్దు," అంది అత్త. అడ్డం రాలేదు. చీకటితోనే లేచి వాకిలి ఊడ్చి, వంట చేసి, పొలానికి పోయేవాళ్ళకు టిఫిన్లు కట్టి, బట్టలు ఆరేసి, నర్సింహులపేటలో బస్సెక్కేది. కిటికీ పక్కన సీటు దొరికితే ఆ రోజు పాఠాలు అక్కడే చదువుకునేది. తిరిగొచ్చేసరికి అంట్లు ఎక్కడివక్కడే ఆమెకోసం ఉండేవి.

టీచింగ్ ప్రాక్టీసుకు ఆమెను మానుకోటలో రైలు పట్టాల అవతల ఉన్న ఆడపిల్లల హైస్కూలుకు వేశారు. పొద్దున తెలుగు పాఠాలు. మధ్యాహ్నం బృందగానం క్లాసులో రూతు టీచర్‌కు సాయం చేయమన్నారు హెడ్మాస్టరు. "నాకు పాడుడు రాదు సార్," అని చెప్పినా ఆయన వినిపించుకోలేదు.

రూతు టీచర్‌ది జనగామ. చిన్నప్పుడు చర్చిలో పాడటం నేర్చుకుంది. పాటలు తానే కట్టేది. తల నెరిసింది కానీ హార్మోనియం ముందు కూర్చుంటే ఆమె వీపు నిటారుగా నిలబడేది. మొదటిరోజు రజిత వెనక బెంచీ మీద కూర్చుంది. కుడివైపు పిల్లలు ఎత్తుకున్నారు: "మబ్బు దిగిన చేను మీద మాటలాడే గాలి..." బాగుంది, అన్ని స్కూళ్ళలో పాడే పాటలాగే ఉంది అనుకుంది. అంతలో రూతు టీచర్ ఎడమచెయ్యి లేపింది. ఎడమవైపు పిల్లలు అవే మాటలను, వేరే స్వరాల మీద, బాగా కిందినుంచి అందుకున్నారు.

ఆ గది ఒక్కసారిగా లోతైపోయినట్టనిపించింది రజితకు. పైన ఒక పాట, కింద ఒక పాట నడుస్తున్నాయి. ఒకదానికొకటి అడ్డం రావడంలేదు. పైగా ఆ రెంటి నడుమ ఎవరూ పాడని మూడో నాదమేదో గుంయ్‌మని లేస్తోంది. అది ఎక్కడినుంచి వస్తోందోనని ఆమె నిజంగానే వెనక్కి తిరిగి చూసింది. గోడ తప్ప ఏమీ లేదు. ఇన్నేళ్ళూ ఆమెకు తెలిసిన పాటకు ఒకటే దారి. ఆ దారిలో నడవలేనివాళ్ళు నోరు మూసుకోవాలి. పాటకు కింది అంతస్తు కూడా ఒకటి ఉంటుందని, అక్కడ కూడా మనుషులు కాపురం ఉంటారని ఎవరూ ఎన్నడూ చెప్పలేదే!

"పై గొంతు అందరికి గావాలె. కిందికి రమ్మంటె ఎవ్వలు రారు," అంది రూతు టీచర్, ఆమెను దగ్గరికి పిలిచి. "కిందిది లేకపోతె పైది దేని మీద నిలబడ్తదమ్మా? ఏదీ, నువ్వొకసారి అను."

రజిత గొణిగినట్టుగా అంది. మళ్ళీ అనమంటే కొంచెం గట్టిగా అంది. మూడోసారికి హార్మోనియం మీద రూతు టీచర్ వేళ్ళు ఆగిపోయాయి.

"ఇన్నొద్దులు యాడ దాచినవే గీ గొంతును?"

రజిత బయటికి పోయి నల్లా కింద మొహం కడుక్కుంది. ఎంత కడిగినా కళ్ళలో నీళ్ళు ఊరుతూనే ఉన్నాయి. అయినా లోపల దుఃఖమేమీ లేదు. అదే ఆమెకు వింతగా తోచింది.

తర్వాత రూతు టీచర్ ఆమెను పిల్లల ముందు నిలబెట్టి చెయ్యి కదపడం నేర్పింది. "చెయ్యి లేపినంక ఆగమాగం గాకు. ముందుగాల ఊపిరి నువ్వు తీస్కో. నిన్ను జూసి వాళ్ళు తీస్కుంటరు." రజిత చెయ్యి లేపింది, ఊపిరి తీసుకుంది. ఎదురుగా ఉన్న పిల్లలందరి ఛాతీలూ ఒక్కసారే నిండాయి. ఆ నిశ్శబ్దంలో అన్ని జతల కళ్ళు ఆమె వేళ్ళ మీదే నిలిచాయి. ఆమెకు భయం వేసింది. ఇంట్లో "అన్నం పెట్టాల్నా?" అని అడిగితే ఫోన్లోంచి తలెత్తేవాళ్ళు లేరు. ఇక్కడ ఇంతమంది తమ ఊపిరిని ఆమె చేతికి అప్పగించి నిలబడ్డారు. చెయ్యి దించితే ఆ పాట పుట్టేది. దించాలనిపించలేదు. ఆ క్షణం ఇంకొంచెంసేపు ఉంటే బాగుండుననిపించింది.

అలా చూస్తుండగానే నీలిని కనిపెట్టింది. తండా నుంచి వచ్చే తొమ్మిదో తరగతి పిల్ల. వెనక వరుసలో నిలబడి నోరు చక్కగా తెరుస్తుంది, మూస్తుంది. క్లాసయ్యాక రజిత ఆమెను ఆపింది.

"నీలీ, నువ్వు పాడుతలేవు గదా."

"పాడుతున్న టీచర్."

"పెదవులాడిస్తున్నవ్. నాకు ఎర్కే. నేను గూడ ఏండ్లకేండ్లు గట్లనే ఆడిచ్చిన."

ఆ పిల్ల తలొంచుకుంది. "నా గొంతు మంచిగుండది టీచర్. అందరు నవ్వుతరు."

"నేను నవ్వ. మీ ఇంట్ల పాడుకునేది ఏదన్న పాడు."

నీలి తలుపు వైపు చూసి, ఎవరూ లేరని తేల్చుకుని, తన ఇంటి భాషలో ఒక పాట ఎత్తుకుంది. మిరప చేన్లో వాళ్ళమ్మ పాడేదట. రజితకు ఒక్క మాట అర్థం కాలేదు. ఆ గొంతు మాత్రం ఆమె గొంతుకన్నా ఇంకా కిందిది. నేల పొరల్లోంచి ఊరిన చల్లటి నీళ్ళలా వచ్చింది. మర్నాడు రజిత ఆ పిల్లను ఎడమ వరుస నడుమ నిలబెట్టింది.

ఆ వారంలోనే నరేందర్ మిఠాయి డబ్బాతో ఇంటికొచ్చాడు. ఊరి సర్పంచ్ సీటు ఆడవాళ్ళకు వచ్చింది.

"రజితా, నీ పేరు మీదనే నామినేషన్ ఏస్తున్న. గెలిచినట్టే అనుకో!"

అడగడం లేదు, చెబుతున్నాడు. రజిత చేతిలో గరిటె అలాగే ఉంది. "నేనేం మాట్లాడాలె అందరి ముంగట?"

"నువ్వు మాట్లాడుడేంది? దండం బెట్టి నిలబడు. మాట్లాడేది నేను జూసుకుంట."

"సీటు ఆడోళ్ళది గని, నడిపేది ఆడోళ్ళా?" అని అత్త నవ్వింది. మిఠాయి అందరికీ పంచమని డబ్బా రజితకే ఇచ్చారు.

నామినేషన్ సంగతి మాట్లాడటానికి పార్టీవాళ్ళు ఇంటికి వచ్చే రోజే ఆమె ఆఖరి పాఠం, అదీ బృందగానం క్లాసులో. కాలేజీ నుంచి సార్లు వచ్చి చూసి మార్కులేస్తారు. ఆ సంగతి చెబితే నరేందర్ చేతిగడియారం సవరించుకుంటూ, "పాటల క్లాసుకు పరీక్షేందే? వంట చేసి పో. పగటికల్ల రా," అన్నాడు.

వంట చేసే వెళ్ళింది.

ఆ రోజు రూతు టీచర్ హార్మోనియం ముట్టలేదు. "ఇయ్యాల్ల క్లాసు నీది," అని సార్ల పక్కన కూర్చుంది. రజిత చెయ్యి లేపింది. పై గొంతు మొదలైంది. కింది గొంతు అందుకునే వేళకు బయట పట్టాల మీద బొగ్గు గూడ్సు బండి వచ్చింది. కిటికీలు అదిరాయి, బెంచీలు వణికాయి. అంత చప్పుడులో పాట మొత్తం మునిగిపోయింది. ఆపేయాలా? పిల్లలు ఆమెనే చూస్తున్నారు. రజిత చెయ్యి దించకుండా అలాగే పట్టుకుంది. డబ్బాలు పోతూనే ఉన్నాయి. నీలి మెడ నరాలు ఉబ్బి కనిపిస్తున్నాయి. చివరి డబ్బా దాటి చప్పుడు డోర్నకల్ వైపు సన్నగిల్లేసరికి, దాని అడుగునుంచి కింది స్వరం తేలింది. తెగలేదు, కుంగలేదు. ఎప్పటినుంచో అక్కడే ఉన్నట్టు ఉంది. దాని మీద పై గొంతులు మెల్లగా వచ్చి నిలబడ్డాయి. కాలేజీ సార్లలో ఒకాయన రాయడం ఆపి తలెత్తాడు. రజితకు కాళ్ళ కింద నేల కూడా పాడుతున్నట్టే అనిపించింది. ఇంత పెద్దది ఈ చిన్న గదిలో ఎట్లా పట్టింది? ఇందులో నా చెయ్యి కూడా ఉందా?

అప్పుడు చూసింది, తలుపు దగ్గర నరేందర్. కారు తాళాలు చేతిలో ఉన్నాయి. పిలవడానికే నోరు తెరిచినట్టున్నాడు, తెరిచిన నోరు అలాగే ఉంది. పాట పూర్తయ్యేదాకా కదల్లేదు.

తర్వాతి పాటకు పిల్లలను సర్దుకోమని రజిత వరండాలోకి వచ్చింది.

"మస్తు పాడిన్రు పోరగాండ్లు," అన్నాడతను, గొంతు సవరించుకుని. "ఇగ పా. అందరొచ్చిన్రు. పది నిమిషాలు దండం బెట్టి నిలబడితె అయిపోతది."

"నా పేరు మీద నామినేషన్ ఏస్తే, మాట్లాడేది గూడ నేనే," అంది రజిత. ఆమె గొంతు పెంచలేదు, సన్నగా చేసుకోనూ లేదు. "ఇయ్యాల్ల వచ్చినోళ్ళతోని గాదు, రేపు ఊర్ల అందరితోని. నువ్వు పక్కన నిలబడు. ఇష్టముంటె ఎయ్యి. లేకపోతె ఇంకెవల పేరన్న సూసుకో."

నరేందర్ నవ్వబోయాడు. ఆమె నవ్వకపోయేసరికి అతని నవ్వు సగంలోనే ఆగింది. "గిప్పుడా ముచ్చట? ముందు కారెక్కు. అక్కడ అందరు నీకోసం ఎదురు సూస్తున్నరు."

"ఇక్కడ గూడ సూస్తున్నరు," అని రజిత లోపలికి నడిచి, తలుపు దగ్గరికి వేసింది.